ఉద్యోగ విరమణ తరువాత పద్యం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కాలువగట్టు (హనుమకొండ)

పెద్దలందరికీ నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి, 61 ఏళ్లు నిండడంతో ఈమధ్యనే పదవీ విరమణ చేశాను. మాది జనగామ ప్రాంతం. ఒకవైపు పాలకుర్తి, మరొకవైపు బమ్మెర ఉండగా మధ్యలో పుట్టినవాడికి పద్యం మీద ఆశ కలగడంలో వింత లేదు కానీ, నాకు ఆ ఆశ పుట్టించినది మాత్రం సోమన, పోతనలు కారు, హైస్కూల్లో గణవిభజన చెప్పిన మా తెలుగు సారు. నల్లబల్ల మీద గురువులు (ఎక్కువసేపు పలికే అక్షరాలు), లఘువులు (పొట్టిగా పలికేవి) గుర్తించడం ఆయన మాకు ఒక ఆటలాగా నేర్పారు. ఆ రోజుల్లో లెక్కల నోటుపుస్తకం వెనుక అట్ట మీద ఆటవెలదులు రాసుకునేవాణ్ణి. తరువాత ఇంజనీరింగు చదువు, ఉద్యోగం, క్యాంపు క్వార్టర్లు, బదిలీలు, వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) గొడవలు, ఎండాకాలంలో పూడికతీత పనులు, వానాకాలంలో గండ్లు పడిన కట్టల వెంట రాత్రింబవళ్లు పరుగులు. పద్యం అలాగే మిగిలిపోయింది.

ఇప్పుడు తీరిక ఉంది, ఆరోగ్యం పరవాలేదు, పింఛను వస్తోంది. మా అబ్బాయి ఏదైనా కాంట్రాక్టు సంస్థలో సలహాదారుగా చేరమంటున్నాడు. నాకు మాత్రం మిగిలిన కాలాన్ని పద్యానికి ఇవ్వాలని ఉంది. అయితే ఈ వయసులో ఛందస్సు పట్టుబడుతుందా, గురువు తప్పనిసరా, పుస్తకాలు చూసి నేర్చుకోవచ్చా, గ్రాంథికంలోనే రాయాలా అన్నవి నాకు తేలని సంగతులు. మిత్రులేమో వచ్చే ఉగాదికల్లా 108 పద్యాలతో ఒక శతకం అచ్చువేయమని తొందరపెడుతున్నారు. మొన్న రాసిన ఒక ఆటవెలదిని కింద ఇస్తున్నాను. కంప్యూటరులో పరీక్షిస్తే తప్పులున్నాయని చూపిస్తోంది కానీ, వాటిని ఎలా సవరించుకోవాలో తెలియడం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

కాల్వ గట్టు మీద నడచిపోయె వయసు
నీటి లెక్క రాసి నిద్రపోతి
పద్యం ఒకటి నేను పలుకబోతి నిపుడు
మాటలున్న గాని యతి కుదరదు

పాతపంతులు (నంద్యాల)

కాలువగట్టు గారికి నమస్కారం. ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, మీరు మొహమాటం వద్దన్నా అనకపోయినా దిద్దే అలవాటు నాకు పోదు. ముందుగా మీ పద్యంలో బాగున్నదేమిటో చెబుతాను. రెండవ పాదం నిర్దోషంగా ఉంది. నీటి, లెక్క, రాసి, నిద్ర, పోతి. ఐదూ గురువు తరువాత లఘువు వచ్చే గలములే, అంటే ఐదూ సూర్యగణాలే. మొదటి అక్షరమైన "నీ"కి నాలుగవ గణం మొదటి అక్షరమైన "ని"తో యతి, అంటే అక్షరమైత్రి, చక్కగా కుదిరింది. ఇది లెక్క వేసుకుని రాసినట్లు లేదు, చెవి పలికించినట్లు ఉంది. మీ సారు వేసిన పునాది ఇంకా చెదరలేదన్నమాట.

ఇక మొదటి పాదం. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. కాల్వ, గట్టు, మీద అన్న మూడూ సూర్యగణాలు. "నడచిపో" నగము (మూడు లఘువులు, ఒక గురువు), "యె వయసు" నలము (నాలుగు లఘువులు), రెండూ ఇంద్రగణాలే. గణాలలో లోపం లేదు. యతి మాత్రం తప్పింది, ఎందుకంటే "కా"కి "న"తో మైత్రి లేదు. క, ఖ, గ, ఘ అనే నాలుగు హల్లులకు ఒకదానితో మరొకదానికి యతి చెల్లుతుంది, వాటి మీది అచ్చులు కూడా అ, ఆ, ఐ, ఔ అనే ఒకే జట్టులోనివై ఉండాలి. కాబట్టి "నడచిపోయె"లో ఒక్క అక్షరం మార్చి "గడచిపోయె" అనండి. యతి కుదురుతుంది, అర్థమూ మెరుగుపడుతుంది. వయసు నడవడం కంటే గడవడమే కదా తెలుగు పలుకుబడి.

మూడవ పాదంలో యతి సరిపోయింది, గణం చెడింది. "పద్యం" అన్నప్పుడు "ద్య" ముందున్న "ప" గురువు, సున్న చేరిన "ద్యం" కూడా గురువే. రెండు గురువులు సూర్యగణం కావు. ఈ సున్నతో చిక్కుపడడం కొత్తగా రాసేవారందరికీ మామూలే. పద్యంలో దాన్ని విడదీసి "పద్యమొకటి" అంటే "పద్య" గలము, "మొకటి" నగణము (మూడు లఘువులు) అయి, రెండూ సూర్యగణాలుగా కూర్చుంటాయి. నాలుగవ పాదం చదివి నేను కాసేపు నవ్వుకున్నాను. యతి కుదరదని చెప్పిన పాదంలోనే యతి నిజంగా కుదరలేదు! "మా"కి "య"తో చెల్లదు. చమత్కారం అక్కడే ఉన్నది కనుక దాన్ని పోగొట్టకుండా ఇలా సవరించవచ్చు:

కాల్వ గట్టు మీద గడచిపోయె వయసు
నీటి లెక్క రాసి నిద్రపోతి
పద్యమొకటి నేను పలుకబోతి నిపుడు
మాట లున్న యతియె మరుగుపడియె

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను. వయసు గురించి బెంగ అక్కరలేదు. ఛందస్సు నియమాలు ఒక పేజీలో పడతాయి. ఇంజనీరింగు పట్టికలు కంఠస్థం చేసినవారికి అవి వారం రోజుల పని. ఆలస్యమయ్యేది చెవి తయారవడానికి. అందుకు ఉన్న మార్గం ఒక్కటే, రోజూ పైకి చదవడం. కళ్లతో చదివితే లాభం లేదు. వేమన పద్యాలు ఆటవెలదులు, సుమతీ శతకం కందాలు, దాశరథీ శతకం ఉత్పలమాలలు, చంపకమాలలు, మీ ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం సీసాలు. ఒక్కొక్క నెల ఒక్కొక్క శతకం పట్టుకుని గొంతెత్తి చదివితే ఆ నడక ఒంటబడుతుంది. భాగవతం ఎలాగూ మీ ఊరి సొత్తు. ప్రహ్లాద చరిత్ర, గజేంద్ర మోక్షం ముందుగా చదవండి.

రాయడంలో ఆటవెలది, తేటగీతి ముందు. వీటిలో ప్రాస నియమం (అన్ని పాదాల్లో రెండవ అక్షరం ఒకే హల్లు కావాలన్నది) లేదు, అక్షర సంఖ్య నియమం లేదు, యతి కుదరకపోతే ప్రాసయతితో (రెండవ అక్షరాలను కలిపి) గట్టెక్కవచ్చు. తేటగీతిలో ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు వస్తాయి. ఈ రెండూ చేతికి వచ్చిన తరువాతే కందం జోలికి వెళ్లండి. "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. నాలుగేసి మాత్రల (లఘువుకు ఒకటి, గురువుకు రెండు) గణాలు, బేసి స్థానంలో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరవ గణం జగణమో నలమో అయి తీరాలి, రెండవ, నాలుగవ పాదాల చివర గురువు ఉండాలి, ప్రాస తప్పకూడదు. ఇన్ని కట్లు ఉండబట్టే అందులో మాట బిగువుగా వస్తుంది. వృత్తాలు ఆ తరువాత. చాలామంది విశ్రాంత ఉద్యోగులు నేరుగా శార్దూలం, మత్తేభం మీద పడి, గణాలు నింపడానికి "భవ్య", "దివ్య", "నవ్య" అనే మాటలు కూరి, ఆరు నెలల్లో విసుగెత్తి వదిలేయడం చూశాను.

కంప్యూటరు పరీక్ష గురించి కూడా ఒక మాట. "ఛందం" వంటి సాధనాలు గణాలను, యతిని చక్కగా చూపిస్తాయి, నేనూ వాడతాను. అయితే పాదం రాసి, వేళ్లమీద లెక్కించి, తప్పు ఎక్కడుందో మీకు మీరు ఊహించుకున్న తరువాతే దాన్ని తెరవండి. ముందే తెరిస్తే చెవి సోమరి అవుతుంది. మాట దొరకనప్పుడు నిఘంటువు తప్పదు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం మొదలుకొని చాలా నిఘంటువులు ఆంధ్రభారతి సైటులో ఒకేచోట వెతకడానికి వీలుగా ఉన్నాయి.

గ్రాంథికం సంగతి: "రాసి" అన్నందుకు మిమ్మల్ని తప్పుపట్టేవారు ఉంటారు, "వ్రాసి" అనమంటారు. నా మట్టుకు నేను పట్టించుకోను. ఒకే పద్యంలో "పలుకబోతి నిపుడు" పక్కన "రాస్తున్నా" అన్న మాట వస్తే మాత్రం చెవికి ఎదురుదెబ్బ తగులుతుంది. మీరు ఏ భాష ఎంచుకున్నా పద్యమంతా ఆ భాషే ఉండాలి.

సాగరతీరం (విశాఖపట్నం)

పంతులు గారు శాస్త్రం చెప్పారు కాబట్టి నేను ఇంటి సంగతి చెబుతాను. నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేసి 60 ఏళ్లకు విరమణ పొందాను. పద్యం రాయడం మొదలుపెట్టింది ఆ తరువాతే. అన్నయ్యగారూ, "తీరిక ఉంది" అని మీరు రాసిన వాక్యం చదివి నాకు కొంచెం అసూయ కలిగింది. ఉద్యోగం మానేసిన మగవారికి పగలంతా ఖాళీ అవుతుంది. ఆడవారికి ఉన్న రెండు ఉద్యోగాల్లో ఒకటి తగ్గుతుంది, అంతే. "ఇంట్లోనే ఉంటున్నావు కదా" అన్న మాటతో ఆ మిగిలిన ఉద్యోగం పెద్దదవుతుంది. మనవరాలిని బడి నుంచి తీసుకురావడం, అత్తగారి మందులు, చుట్టాల రాకపోకలు, అన్నిటి నడుమ బల్ల ముందు కూర్చుని రాసే వేళ నాకు దొరకలేదు. అందుకని పద్యం నడకలోకి మారింది. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిచేటప్పుడు ఒక్క పాదం పట్టుకుంటాను. కాగితం ఉండదు కనుక అది నోట్లోనే నానాలి. ఇంటికి వచ్చేవరకు గుర్తుంటే ఆ పాదం బాగున్నట్లు, మరచిపోతే అది పోవలసిందే అన్నట్లు. ఈ పద్ధతివల్ల అనవసరమైన విశేషణాలు వాటంతట అవే రాలిపోతున్నాయి.

రోజూ ఏం రాయాలో తోచదు. అది నాకు మొదట్లో పెద్ద ఇబ్బంది. దానికి సమస్యాపూరణం మంచి మందు. పాదం వేరొకరు ఇస్తారు, అందులో ఏదో అసంబద్ధమైన అర్థం ఉంటుంది, మిగిలిన మూడు పాదాలతో దాన్ని సమర్థించాలి. విషయం కోసం వెతుక్కునే బాధ లేదు. ఒకే సమస్యను పదిమంది పది రకాలుగా పూరించడం చూస్తే, మన పూరణ ఎక్కడ తేలిపోయిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. "శంకరాభరణం" బ్లాగులో రోజుకొక సమస్య ఇస్తారు. అక్కడ పూరణలకు పెద్దలు చేసే సవరణలను చదవడమే ఒక చదువు. మొదట కొన్నాళ్లు రాయకుండా చదవండి, తరువాత మీ పూరణ పెట్టండి.

శతకం అచ్చు మాత్రం దయచేసి వాయిదా వేయండి. పదవీ విరమణ డబ్బు చేతికి వచ్చిన సంగతి మన ఇంట్లోవారికంటే ముందు ఎవరెవరికో తెలుస్తుంది. నాకు ఒక సాహిత్య సంస్థ పేరుతో ఫోను వచ్చింది. నా పద్యాలు ఎక్కడో చూశారట, "కవయిత్రీ శిరోమణి" లాంటి బిరుదుతో శాలువా కప్పుతారట, సభ ఖర్చుల కింద కొంత సొమ్ము పంపాలట. అప్పటికి నా పద్యాలు ఫోనులో మా పూరణల గుంపుకు తప్ప ఎక్కడా వెళ్లలేదు! నేను పంపలేదు కానీ, పంపినవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు. పుస్తకం సంగతీ అంతే. అచ్చయిన ప్రతులు ఆవిష్కరణ సభలో కొన్ని పంచగా, మిగిలినవి కట్టలు విప్పకుండా అటక ఎక్కుతాయి. మీకు నచ్చిన పద్యాలను మంచి దస్తూరీతో ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. సంవత్సరం తరువాత వాటిలో మీకే నచ్చనివి కొట్టేస్తూ పోగా ఎన్ని మిగులుతాయో చూసి, అప్పుడు పుస్తకం సంగతి ఆలోచించండి.

గోదారి ఒడ్డు (నిజామాబాద్)

అందరూ ఒకే దారి చూపుతున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతాను, అన్యథా భావించవద్దు. పత్రికా కార్యాలయంలో డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేశాను, వచ్చిన పద్యాలన్నీ చదివాను. విరమణ తరువాత పద్యం పట్టినవారిలో ఎక్కువమంది రాసేది దైవస్తుతి, మాతృభాషా వైభవం, ఉగాది, నేటి యువత పెడదారి, ఇవే. గణాలు తప్పవు, యతి తప్పదు, చదివిన తరువాత ఒక్క ముక్క గుర్తుండదు. ఎందుకంటే, ఆ రాసినవారు 35 ఏళ్లు ఏ పని చేశారో ఆ పని వాసన వారి పద్యంలో ఎక్కడా తగలదు. తహసీల్దారూ, వైద్యుడూ, రైల్వే గార్డూ ఒకే పద్యం రాస్తారు.

కాలువగట్టు గారూ, మీరు పనిచేసినది నీటిపారుదల శాఖలో. మా జిల్లా పోచంపాడులో 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్లు 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ గుండా మీ వైపు ప్రయాణిస్తున్నాయంటే, ఆ దారి పొడవునా ఎన్ని కొట్లాటలు, ఎన్ని బతిమలాటలు, ఎన్ని అర్ధరాత్రి షట్టర్లు ఉంటాయో చూసినవారు మీరు. కాలువ తలాపున ఉన్నవాడు వరి మీద వరి వేస్తుంటే కొసన ఉన్నవాడు ఆకాశం వంక చూడడం మీకు తెలుసు. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు ఊళ్లలో ఎవరు ఏం మాట్లాడారో మీరు విన్నారు. ఇదంతా వచనంలో రాస్తే ముందు తరాలకు పనికివస్తుంది, రాసేవారూ తక్కువ. అలాంటి సరుకు చేతిలో పెట్టుకుని యతి మైత్రుల కోసం కాలం ఖర్చు చేయడం నాకు సబబుగా తోచడం లేదు. పద్యం సరదాకు రాసుకోండి, అసలు శ్రమ మాత్రం వచనం మీద పెట్టండి.

పాతపంతులు (నంద్యాల)

గోదారి ఒడ్డు గారు చెప్పిన రోగం నిజమే, మందు మాత్రం నాకు నచ్చలేదు. దైవస్తుతులు, ఉగాది పద్యాలు పేలవంగా ఉండడానికి కారణం పద్యం కాదు, రాసేవారు తమ సొంత మాటలను గుమ్మం బయట విడిచి రావడం. పద్యం అనగానే ఏదో పట్టుబట్టలు కట్టుకోవాలన్న భ్రమ ఒకటి మనలో ఉన్నది.

చెరువుకూ పద్యానికీ చుట్టరికం కొత్తది కాదు. మాకు పక్కనే ఉన్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. అది సంస్కృత శ్లోకాలలో, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ చెబుతుంది. అంటే ఇంజనీరింగు నియమావళినే ఛందస్సులో చెక్కించి కట్ట దగ్గర నిలబెట్టారు. మీ వైపు కురిక్యాల బండమీద జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందాలు 10వ శతాబ్దానివి. కరీంనగర్ దారిలో వెళ్లినప్పుడు బొమ్మలమ్మగుట్ట ఎక్కి చూడండి. విరమణ తరువాత చేయదగిన యాత్రల్లో అదొకటి.

ఇప్పుడు మీ శాఖ మాటలను తూకం వేసి చూద్దాం. తూము: గురువు, లఘువు, కనుక సూర్యగణం. అలుగు: మూడు లఘువులు, అదీ సూర్యగణమే. మత్తడి: భగణం (గురువు, రెండు లఘువులు), ఇంద్రగణాల్లో ఒకటి. నీరటి (చెరువు నీళ్లు పంచేవాడు) కూడా భగణమే. ఆయకట్టు: రెండు సూర్యగణాలు పక్కపక్కన పడ్డాయి. లష్కరు (కాలువ కాపలాదారు), షట్టరు: రెండూ భగణాలు, అవి పరభాషా పదాలైనా తెలుగు ఉత్వం చేరాక మన గణాల్లోనే కూర్చున్నాయి. శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) మాత్రం సున్నతో మొండికేస్తుంది, "శిఖము" అంటే దారికి వస్తుంది. ఇంత చక్కటి గణాలు మీ దగ్గర పోగై ఉండగా, "భవ్య", "దివ్య" ఎందుకు? శతకం సంగతి పక్కనబెట్టి, మీరు పనిచేసిన కాలువ మీద ఒక్క పద్యం రాసి ఇక్కడ పెట్టండి. పొగడ్త వద్దు, నీతి వద్దు. మీరు కళ్లారా చూసిన ఒక్క మనిషిని పెట్టండి.

వచనం మానమని నేను అనను. పగలు వచనం, రాత్రి పద్యం రాసుకోవచ్చు. రెంటికీ సరిపడా కాలం ఉన్నందుకే కదా పింఛను.

రెండో షిఫ్టు (డల్లాస్)

నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను కానీ, మా నాన్నగారు విరమణ తరువాత ఇలాగే పద్యంలోకి వచ్చారు కాబట్టి ఒక చిన్న సంగతి చేరుస్తున్నాను. ఆయనకు ఎక్కువ ఉపయోగపడినది అవధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నించేవాడిగా, కూర్చోవడం. అష్టావధానానికి ఎనిమిదిమంది పృచ్ఛకులు కావాలి. అంతర్జాలంలో జరిగే అవధానాలు పెరిగాక, ఊరు, దేశం అన్న పట్టింపు లేకుండా పృచ్ఛకులను పిలుస్తున్నారు. అప్రస్తుత ప్రసంగానికి (అవధాని ధ్యాస మళ్లించే మాటలకు) సమయస్ఫూర్తి, నిషిద్ధాక్షరికి (వాడకూడని అక్షరాలు చెబుతూ పోవడానికి) చాలా అనుభవం అవసరం కానీ, దత్తపదికి పద్యంలో ఇమడ్చవలసిన నాలుగు మాటలు ఇవ్వడం, వర్ణనకు ఒక సందర్భం అడగడం కొత్తవారు కూడా చేయగలరు. అవధాని ఆ మాటలను ఇరికించకుండా ఎలా ఒదిగించారో దగ్గరగా చూస్తే చాలా నేర్చుకోవచ్చు. కాలువగట్టు గారు దత్తపదికి "తూము, అలుగు, మత్తడి, నీరటి" ఇచ్చి భారతార్థంలో చెప్పమంటే ఏ అవధానికైనా సరదాగా ఉంటుంది.

ఇంకొక సంగతి ఏమిటంటే, మా నాన్నగారు పద్యాలను చదివి ఫోనులో రికార్డు చేసి నాకు పంపుతారు. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, వింటారు. అర్థం సగమే తెలిసినా వారికి ఆ నడక నచ్చుతుంది. రాసిన ప్రతి పద్యాన్నీ మీ గొంతుతో చదివి భద్రపరచండి.

కాలువగట్టు (హనుమకొండ)

ఇంతమంది ఇంత ఓపికగా సమాధానాలు ఇస్తారని అనుకోలేదు. అందరికీ నమస్సులు. సాగరతీరం చెల్లెమ్మ గారు చెప్పిన మాట మా ఇంట్లో చదివి వినిపించాను. "తీరిక నీకు ఉంది, నాకు ఎక్కడిది?" అని మా ఆవిడ కూడా అన్నది. పొద్దుటి పాలు, కూరగాయలు ఇకనుంచి నా పనిగా ఒప్పుకొన్నాను. శతకం ఆలోచన ప్రస్తుతానికి విరమించాను. మిత్రులకు చెబితే వారు కొంత నిరాశపడ్డారు, సభకు భోజనాల ఏర్పాటు కూడా మాట్లాడుకున్నారట.

గోదారి ఒడ్డు గారి మాటను కొట్టిపారేయలేను. కాలువల మీద వచనంలో రాయవలసినవి ఉన్నాయి, మొదలుపెడతాను. కొన్ని సంగతుల్లో మనుషుల పేర్లు, పార్టీల పేర్లు వస్తాయి కాబట్టి ఎలా రాయాలో ఆలోచించుకోవాలి. అయితే ఒక మనిషిని పెట్టి పద్యం రాయమని పంతులు గారు అన్నప్పుడు నాకు వెంటనే గుర్తుకువచ్చినది మా సెక్షన్లో పనిచేసిన ఒక లష్కరు. నీళ్లు వదిలిన రాత్రి ఆయన ఇంటికి వెళ్లేవాడు కాదు. కొసన ఉన్న పొలం తడిసిందని కబురు వచ్చేదాకా గట్టు మీదే సైకిలు తొక్కుతూ తిరిగేవాడు. పై అధికారులు అడిగి కాదు, ఎవరూ అడగలేదు. నడకలో నాలుగు పాదాలు పట్టుకుని, వేళ్ల మీద లెక్కించుకుని, అన్నీ అయ్యాకే కంప్యూటరులో పరీక్షించాను. తప్పు చూపలేదు.

తూము తెరచినంత దుముకు నీటి హొయలు
చూచు లష్కరునకు చుట్ట తీపి
కాల్వ చివరి మడికి గంగ చేరిన దాక
నిదుర రాదు వాని నేత్రములకు

పాతపంతులు (నంద్యాల)

గణాలు, యతులు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి. "తూ"కి "దు", "కా"కి "గం" వేయడం చూస్తే వర్గయతి (ఒకే వర్గపు హల్లుల మధ్య యతి) మీకు పట్టుబడిందని తెలుస్తోంది. "చూ"కి "చు" వెతకబోయి చుట్ట దొరకడం అదృష్టం. అది యతికోసం వచ్చినట్లు లేదు, ఆ మనిషి జేబులోంచి వచ్చినట్లు ఉంది. "నేత్రములకు" దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. "ని"కి "నే"తో యతి చెల్లుతుంది, దోషం లేదు. అయినా చుట్ట తాగే లష్కరుకు కళ్లు ఉంటాయి కానీ నేత్రాలు ఉండవు. ఆ మాట మీరు తెచ్చినది కాదు, యతి తెచ్చినది. మూడు పాదాలు అలాగే ఉంచి నాలుగవ పాదం మరొకసారి కట్టండి. అవసరమైతే "నిదుర"ను కూడా వదులుకోండి. ఈ పద్యంలో సైకిలు ఎక్కడా లేదు, మీరు వచనంలో చెప్పినప్పుడు మాకు కనిపించినది అదే. అది భగణం, ఇంద్రగణాలకు చోటున్న తేటగీతిలో సులువుగా పడుతుంది. ఆదివారంలోగా పెట్టండి, చూస్తాను.